నాకొద్దు పో

(బెంగళూరు వయ్యాలికావల్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళు కలుసుకున్న సందర్భంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన వరసలోనే రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం.

హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్, కిద్వాయ్ ఆస్పత్రులున్న వైపు పొద్దున ఏడింటప్పుడు ఎప్పుడైనా నడిచారా? ఇందిరా గాంధీ పిల్లల ఆస్పత్రి కూడా ఆ చుట్టుపక్కలే. అక్కడ టీ బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడి చెవి ఒగ్గండి. తెలుగు బోలెడు వినపడుతుంది. కదిరి, మదనపల్లె, హిందూపురం, ధర్మవరం. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడ దిగినవాళ్ళు. చంకలో పిల్లాడు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు, భుజాన దుప్పటి సంచి. మాదీ కదిరే. ఆ యాస చెవిన పడితే నాకు కాలు ముందుకు పడదు.

నేను పద్దెనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే ప్రైమరీ స్కూల్ టీచరుగా పనిచేశాను. తొమ్మిదేళ్ళ నుంచి ఒక ఆస్పత్రి పిల్లల వార్డుకి వాలంటీరుగా వెళ్తున్నాను. గురువారం సాయంత్రం, ఆదివారం పొద్దున. పని ఒక్కటే, పిల్లలతో ఆడుకోవడం. ఏ ఆస్పత్రో చెప్పను. పిల్లల పేర్లు కూడా చెప్పను, ఊళ్ళు కాస్త అటూ ఇటూ మార్చి చెప్తాను. వాళ్ళ జబ్బు గురించి హాల్లో నిలబడి మాట్లాడుతున్నాను కదా, ఆ మాత్రం మర్యాద వాళ్ళకు దక్కాలి.

మొదటి రోజు ఇరవై టెడ్డీ బేర్లు కొనుక్కుని వెళ్ళాను. ఒక్కో మంచానికి ఒక్కోటి. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ తలుపు దగ్గరే ఆపేసింది. "ఇవి లోపలికి వద్దమ్మా" అంది. నాకు మనసు చివుక్కుమంది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత ప్రేమగా తెస్తే ఇదేంటి అనుకున్నాను. ఆమె తర్వాత తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. క్యాన్సర్‌కి కీమో మందులు తీసుకుంటున్న పిల్లలకు తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గాయంటే మనల్ని ఏమీ చేయని మామూలు క్రిమి కూడా వాళ్ళకు జ్వరం తెప్పించి ఐసీయూ దాకా తీసుకెళ్ళగలదు. బొచ్చు బొమ్మ ఒక పిల్లాడి మంచం మీంచి ఇంకో పిల్లాడి మంచం మీదికి పోతే ఎంగిలీ, దగ్గూ, చీమిడీ అన్నీ దానితోనే పోతాయి. ప్లాస్టిక్‌ది అయితే సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ రోజు ఆమె ఆపకపోయి ఉంటే నేను ఏం చేసి ఉండేదాన్నో తల్చుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

బొమ్మలు పంచడం వేరు, ఆడుకోవడం వేరు అని నాకు అర్థం కావడం అక్కడ మొదలైంది. పుట్టినరోజని, పెళ్ళిరోజని వచ్చి పిల్లాడి చేతిలో ఒక ప్యాకెట్ పెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్ళేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మనసు మంచిదే. కానీ జుట్టు రాలిపోయి, ముఖం ఉబ్బి ఉన్నప్పుడు తీసిన ఫోటో ఎవరెవరి ఫోన్లలోకి పోతుందో ఆ పిల్లాడికి తెలియదు, వాళ్ళమ్మకూ తెలియదు. ఆ ఐదు నిమిషాల తర్వాత వాడు మళ్ళీ ఒంటరే. ఫోటోలు వద్దని నేను మొహమాటం లేకుండా చెప్తాను. మీరూ చెప్పండి.

ఆ పిల్లాడి రోజు ఎలా ఉంటుందో చూడండి. నిద్ర లేవకముందే రక్తం తీసుకుంటారు. తర్వాత టెంపరేచరు, మాత్రలు, రౌండ్స్. డాక్టర్లు మంచం చుట్టూ నిలబడి వాడి గురించే మాట్లాడుకుంటారు, వాడికి అర్థం కాని భాషలో. చేతికి కాన్యులా, అంటే మందు ఎక్కించే సన్న గొట్టం, అది కదలకుండా అట్ట పెట్టి ప్లాస్టరు. డ్రిప్ స్టాండు తోసుకోకుండా బాత్రూముకి కూడా పోలేడు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకీమియాకి, అదే రక్త క్యాన్సర్‌కి, చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదటి నాలుగైదు వారాలు గట్టి మందులు. స్టెరాయిడ్ మాత్రలకు ఆకలి విపరీతంగా వేస్తుంది, ఊరికే కోపం వస్తుంది, ఊరికే ఏడుపొస్తుంది. వెన్నులోకి మందు ఎక్కించాలంటే పక్కకు తిప్పి, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడిపించి, కదలకుండా పట్టుకుంటారు. ఇదంతా వాడి ప్రాణం నిలబెట్టడానికే. కాదనను. అందులో వాడిని అడిగి చేసేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు. వాడు వద్దంటే ఆగేవీ కావు అవి.

అలాంటి చోటికి మనం వెళ్ళి "ఆడుకుందామా?" అంటాం. వాడు "నాకొద్దు పో" అంటాడు. ఆ మాట రోజు మొత్తంలో చెల్లేది మన దగ్గర ఒక్కచోటే. "అలా అనకూడదు నాన్నా, ఆంటీ అంత దూరం నుంచి వచ్చింది కదా" అన్నామంటే ఆ ఒక్కచోటు కూడా వాడికి లేకుండా చేసినవాళ్ళమవుతాం. ఈ పనికి కావలసిన మొదటి నేర్పు కథలు చెప్పడం కాదు, బొమ్మలు చేయడం కాదు. వద్దంటే నొచ్చుకోకుండా లేచి వెళ్ళడం, చెప్పిన రోజుకి మళ్ళీ రావడం.

ఒక అబ్బాయి గురించి చెప్తాను. ఎనిమిదేళ్ళవాడు, మా వైపు పల్లె. మొదటి గురువారం గోడ వైపు తిరిగి పడుకుని "నాకొద్దు పో" అన్నాడు. వాళ్ళమ్మ సిగ్గుపడిపోయి, "పెద్దోళ్ళను అట్లంటారా రా? ఏమనుకోవద్దక్కా" అంది. "ఏమీ అనుకోలేదమ్మా, వాడికి ఇష్టం లేదు, అంతే కదా" అన్నాను. వాడితో మాత్రం "సరేప్పా, ఆదివారం వస్తా, అప్పుడు మళ్ళీ అడుగుతా" అని చెప్పి పక్క మంచానికి పోయాను. ఆదివారం అదే జవాబు. అలా నాలుగుసార్లు. ఐదోసారి నేను నోరు తెరవకముందే "ఆ సంచిలో ఏముంది?" అన్నాడు. అప్పుడూ గోడ వైపు తిరిగే.

సంచిలో పులి-మేక పటం ఉంది. మా ఊళ్ళల్లో రచ్చబండ మీద, గుడి అరుగుల మీద గీసి ఉంటుంది, చూసే ఉంటారు. నేను కాగితం మీద గీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను, స్పిరిట్‌తో తుడుచుకోవచ్చు కాబట్టి. పావులకు ఇంజెక్షన్ సీసాల మూతలు. యాంటీబయాటిక్ సీసాల మీద రంగురంగుల ప్లాస్టిక్ మూతలు ఉంటాయి, సిస్టర్లు తీసి పెట్టి ఇస్తారు, బాగా కడిగి వాడతాం. కీమో మందు సీసాలవి ముట్టుకోం. ఎర్రవి మూడు పులులు, నీలివి పదిహేను మేకలు. వాడు చేయి చాపి ఒక నీలి మూతను వేలితో తిప్పి తిప్పి చూశాడు. "ఇది నాకు పొద్దున వేసిన మందుది" అన్నాడు. అప్పుడు ఇటు తిరిగాడు.

మేకలు తనకే కావాలన్నాడు. నాలుగో ఎత్తుకే నా పులి వాడి మేక మీంచి దూకి తినేసింది. వాడు ఆ మేకను తీసి మళ్ళీ పటం మీద పెట్టేశాడు. "నా మేకలు సచ్చిపోవు" అన్నాడు. నాలోని టీచరు వెంటనే లేచింది. "అలా కాదు, రూల్ ప్రకారం..." అని సగం అన్నాక నాలుక కరుచుకున్నాను. ఎవరి రూలు? ఆ వారమంతా వాడు రూల్ ప్రకారమే పడుకున్నాడు, రూల్ ప్రకారమే సూది వేయించుకున్నాడు. "సరే, చావవు" అన్నాను. మూడు వారాలు అలాగే ఆడాం. పదిహేను మేకలు, ఒక్కటీ చావకుండా నా మూడు పులుల్నీ కట్టేసేవి. నాలుగో వారం వాడే ఒక మేకను తీసి పక్కన పెట్టి, "ఇప్పుడు నిజం ఆట ఆడదాం" అన్నాడు. వాళ్ళమ్మ మంచం అవతల నుంచి తొంగి చూస్తూ "ఆ మేకను అక్కడ పెట్టకు రా, పులికి దారి ఇచ్చినట్టయితాది" అంది. తర్వాత తెలిసింది, చిన్నప్పుడు ఊళ్ళో ఆమెను ఈ ఆటలో ఓడించినవాళ్ళు లేరట. అప్పటి నుంచి నా అవసరం తగ్గిపోయింది. నేను పోయేసరికి తల్లీకొడుకులు ఆడుకుంటూ ఉండేవాళ్ళు. నాకు అంతకంటే ఏం కావాలి?

టీచర్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట. మనకు అడగడం అలవాటు. ఇది ఏ రంగు? ఎన్ని ఉన్నాయి? అంకెలు చెప్పు చూద్దాం. నేను మొదట్లో అదే చేశాను. ఒక పాప బ్లాకులు పేర్చుకుంటుంటే పక్కన కూర్చుని రంగులు అడిగాను. మూడు చెప్పింది, నాలుగోదానికి బ్లాకులు దూరంగా నెట్టేసింది. ఆ పాపకు అది ఇంకో పరీక్ష. పొద్దున రక్తపరీక్ష, సాయంత్రం రంగుల పరీక్ష. ఇప్పుడు నేను ఏమీ అడగను. పక్కన కూర్చుని నేనూ పేరుస్తాను. మాట్లాడాలనిపిస్తే వాళ్ళే మాట్లాడతారు.

మాట్లాడలేని పిల్లలూ ఉంటారు. కీమోకి నోరంతా పూసి మింగుడు కూడా పడదు కొందరికి. అలాంటి పదేళ్ళ పాప దగ్గర ఊరికే కూర్చుని పొడుపుకథలు వేస్తున్నాను. కిటకిట తలుపులు, కిటారు తలుపులు, తీసినా వేసినా చప్పుడు కావు, ఏంటవి? ఆ పాప నా వైపు చూసి కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. కనురెప్పలు. జవాబు చెప్పేసింది. తెలుగు వచ్చినవాళ్ళు వార్డుకి రావాలని నేను ఇంతగా అడిగేది ఇందుకే. ఆ వార్డులో సిస్టర్లు కన్నడం మాట్లాడతారు, మలయాళం మాట్లాడతారు, ఎంతో ఓపికగా చూసుకుంటారు. కానీ ఆ పాపకు ఆ పొడుపుకథ వేయడానికి మనమే పోవాలి.

ఆటబొమ్మతో వైద్యం ఆట అని ఒకటి ఉంది. గుడ్డ బొమ్మ, సూది లేని సిరంజి, దూది, ప్లాస్టరు. బొమ్మ ఆ పిల్లకే ఉండిపోతుంది, ఇంకొకరికి ఇవ్వం. ఐదేళ్ళ పాప ఒకరోజు తన బొమ్మకు డ్రిప్ పెట్టింది. చాలా శ్రద్ధగా చేతికి ప్లాస్టరు అంటించింది. తర్వాత వేలు చూపించి బొమ్మను గదమాయించింది: "ఏడిస్తే ఇంకో సూది వేపిస్తా!" వెనక కూర్చున్న వాళ్ళమ్మ తల వంచుకుంది. ఆ మాట ఇంట్లో మనందరం అన్నదే. అన్నం తినకపోతే సూది, అల్లరి చేస్తే డాక్టరు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వేసిన ఆ భయమంతా ఇక్కడికొచ్చాక పిల్లల మీద పడుతుంది. జబ్బు చేసింది కాబట్టి కాదు, ఏదో తప్పు చేసింది కాబట్టే తనకు సూదులు వేస్తున్నారని ఆ పాప అనుకుంటోంది. నేను తప్పు దిద్దలేదు. "బొమ్మ ఏడుస్తోంది, ఏం చేద్దాం?" అన్నాను అంతే. ఆ పాప కాసేపు ఆలోచించి బొమ్మను ఒళ్ళో పెట్టుకుంది. ఈ సంగతి సిస్టర్‌కి చెప్పాను. మర్నాడు సూది వేసేటప్పుడు పాపను మంచం మీద పడుకోబెట్టకుండా అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టే వేశారు.

ఇది కాలక్షేపం కాదా అని అడుగుతారు కొందరు. ఆస్పత్రిలో ఆట గురించి లోకం పట్టించుకోవడం మొదలై 70 ఏళ్ళు దాటింది. 1952లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆస్పత్రిలో చేరిన రెండేళ్ళ పాపను సినిమా తీశారు. అప్పట్లో అక్కడ తల్లిదండ్రుల్ని చూడడానికి కాసేపే రానిచ్చేవాళ్ళు. ఆ పాప గుట్టుగా ఏడుపు మింగుకోవడం చూసి డాక్టర్లే కలవరపడ్డారు. 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని, పిల్లలకు ఆట, చదువు ఉండాలని చెప్పింది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1955లోనే ఎమ్మా ప్లాంక్ అనే ఆవిడ ఆస్పత్రిలో పిల్లల ఆటకు ఒక పద్ధతి పెట్టారు. ఇప్పుడు అక్కడ అదొక ఉద్యోగం, దానికి చదువుంది. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం ఆటను హక్కుగా రాసింది. మన దేశం 1992లో అందులో చేరింది. ఆస్పత్రి గడప దాటితే ఆ హక్కు పోతుందని అందులో ఎక్కడా లేదు.

మన దగ్గర ఒకటి మాత్రం ఉంది. అమ్మ ఎక్కడికీ పోదు. మంచం మీదో, మంచం కిందో అమ్మ ఉంటుంది. బ్రిటన్‌వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది మన వార్డుల్లో మామూలు సంగతి. కానీ ఆ అమ్మ ఎప్పుడు స్నానం చేసిందో ఎవరూ అడగరు. నేను పిల్లాడితో కూర్చున్న గంటలో ఆమె స్నానం చేస్తుంది, రెండు బట్టలు ఉతుక్కుంటుంది, ప్రభుత్వ ఆరోగ్య పథకం కాగితాల కౌంటరు దగ్గర వరసలో నిలబడుతుంది, ఇంటి దగ్గరున్న చిన్న బిడ్డతో ఫోన్లో మాట్లాడుతుంది. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ గంట పిల్లాడికెంతో అమ్మకూ అంతేనని.

రావాలనుకునేవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్తాను. జలుబున్నా, గొంతు గరగరగా ఉన్నా రావద్దు. మీ ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా, అదే చికెన్‌పాక్స్, మూడు వారాలు ఆ వార్డు వైపు రావద్దు. మనకు పది రోజుల్లో తగ్గేది వాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. వాచీ, ఉంగరాలు, గాజులు తీసేసి చేతులు సబ్బుతో నిమిషంసేపు కడుక్కోవాలి, మంచం మారినప్పుడల్లా మళ్ళీ శుభ్రం చేసుకోవాలి. ఆడవాళ్ళు తలలో పూలు తీసేసి రండి. వాంతులతో ఉన్న పిల్లకు మల్లెపూల వాసన కూడా పడదు, పైగా కొన్ని వార్డుల్లోకి పూలే రానివ్వరు. సెంటు వద్దు. తినేది ఏదీ ఇవ్వద్దు, చాక్లెట్ కూడా. బెలూన్లు వద్దు. మూడేళ్ళ లోపు పిల్లల దగ్గరికి గొంతులో ఇరుక్కునే చిన్న వస్తువులు తీసుకెళ్ళొద్దు. పోలీస్ వెరిఫికేషన్ అడిగితే, పిల్లలతో ఒంటరిగా ఉండకూడదంటే నొచ్చుకోవద్దు. అలా అడిగే ఆస్పత్రే మంచి ఆస్పత్రి.

ఇంకొకటుంది, ఇది గట్టిగా చెప్పాలి. సూది వేసేటప్పుడు "అమ్మా, కాస్త పట్టుకో" అని మనల్ని అడుగుతారు. చేతులు చాలక అడుగుతారు, తప్పు పట్టను. కానీ నేను పట్టుకోను. సిస్టర్లకు ముందే చెప్పి ఒప్పించుకున్నాను. నేను వాడి చేయి అదిమి పట్టుకున్న రోజు నుంచి వాడు నన్ను చూసినా భయపడతాడు. రమ్మంటే వస్తాను, సబ్బు బుడగలు తెస్తాను. బుడగ పెద్దగా రావాలంటే నెమ్మదిగా, నిండుగా ఊదాలి. అలా ఊదుతుంటే ఒళ్ళు వదులవుతుంది, చూపు బుడగ మీద ఉంటుంది. "నొప్పి ఉండదు" అని మాత్రం అనను. ఉంటుంది కాబట్టి. "చురుక్కుమంటుంది, ఐదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది, కుడి చేయా ఎడమ చేయా, సిస్టర్‌ని అడుగుదామా?" అంటాను.

నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఒక బాబుకి ఆదివారం బొంగరం తెస్తానన్నాను. ఆ ఆదివారం బంధువుల పెళ్ళికి పోయాను. ఒక ఫోను కూడా చేయలేదు, గురువారం ఇద్దాంలే అనుకున్నాను. గురువారం వాళ్ళమ్మ చెప్పింది, ఆదివారం మధ్యాహ్నం దాకా తలుపు వైపు చూస్తూ అన్నం తినలేదట. బొంగరం ఇస్తే తీసుకున్నాడు, ఏమీ అనలేదు. నాకు ఆ మౌనం ఇంకా గుర్తుంది. నెలకు ఒక్కసారే రాగలిగితే ఒక్కసారే రండి, ఆ ఒక్కసారి తప్పొద్దు.

కొన్నిసార్లు మంచం ఖాళీగా ఉంటుంది. ఇంటికి పోయారా అని వార్డులో గట్టిగా అడగొద్దు, పక్క మంచాల తల్లులు వింటుంటారు. బయటికొచ్చి సిస్టర్‌ని అడగండి. చాలాసార్లు ఇంటికే పోయి ఉంటారు. అన్నిసార్లూ కాదు. అలాంటి రోజు నేను ఇంకో మంచం దగ్గరికి పోలేక మెట్ల మీద కూర్చున్నాను. మా వాలంటీర్లలో ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది, ఏమీ మాట్లాడకుండా. అందుకే కొత్తవాళ్ళను ఒంటరిగా పంపం, ఇద్దరిద్దరుగా పంపుతాం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: పిల్లలు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటారు కదా, మనం ఏం చేయాలి?)

లాక్కోవద్దు. ఆ ఫోనే వాళ్ళకు రాత్రంతా తోడు. పక్కన కూర్చుని ఏం చూస్తున్నాడో మీరూ చూడండి. "వీడెవడు, ఎందుకు పరిగెడుతున్నాడు?" అని అడిగితే వాడు మీకు కథంతా చెప్తాడు. అది కూడా ఆటే.

(సభలోంచి ఒక పెద్దాయన: నాకు 68 ఏళ్ళమ్మా. కన్నడం రాదు, కథలు చెప్పడం రాదు. నాలాంటివాడు పనికొస్తాడా?)

మీదే ఊరండీ?

(పెద్దాయన: పుట్టపర్తి పక్కన.)

పులి-మేక వచ్చా?

(పెద్దాయన: అదెందుకు రాదమ్మా.)

అయితే ముందు మీకు అమ్మవారు పోసిందో లేదో, టీకాలు ఏమేం వేయించుకున్నారో మీ డాక్టరుతో ఒక కాగితం రాయించుకోండి. అది తీసుకుని వచ్చే ఆదివారం తొమ్మిదిన్నరకు రండి. టిఫిన్ చేసే రండి, మధ్యలో లేచి పోవడానికి ఉండదు. మొదటి రోజు వద్దంటారు. గురువారం మళ్ళీ రావాలి.